ఇంకా ఉంది అని ఎవరు రాయాలి?

పుస్తకాల ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బడి లైబ్రరీలో పనిచేసిన ముప్పై ఏళ్ళూ నాకో అలవాటు ఉండేది. తిరిగొచ్చిన ప్రతి పుస్తకం వెనక అట్ట తెరిచి చూసేదాన్ని. సిరీస్‌లో ఆఖరి పుస్తకమైతే ఆ ఖాళీ పేజీలో ఏదో ఒక పెన్సిల్ రాత కనిపించేది. ‘తర్వాత?’ అని ఒకరు రాస్తారు. దాని కింద ‘పెళ్ళయింది’ అని ఇంకొకరు. ఆ కింద మరో చేతిరాతలో ‘అడిగింది అది కాదు’. పుస్తకాల మీద రాతలు చెరిపెయ్యడం నా పనిలో భాగం. ఆ ఒక్క పేజీ జోలికి మాత్రం నేనెప్పుడూ రబ్బరు తీసుకెళ్ళలేదు. ఈ నెల వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే ఆ పేజీలే కళ్ళముందు మెదిలాయి.

ప్రశ్న: మేడమ్, నమస్తే. మా పాపకి పదకొండేళ్ళు. హ్యారీ పాటర్ ఏడు పుస్తకాలూ ఎనిమిది నెలల్లో చదివేసింది. ఆఖరిది మూసిన రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు ఒక నోట్‌బుక్ తీసుకుని తర్వాతి కథ తనే రాయడం మొదలుపెట్టింది. సంతోషించాను. మొన్న తను లేనప్పుడు చదివితే భయమేసింది. మొదటి వాక్యమే ‘జార్జ్ ఇంట్లో అద్దాలన్నీ గోడవైపు తిప్పేశాడు’ అని ఉంది. చనిపోయిన కవల సోదరుడు ఫ్రెడ్ కోసం అతను అడవిలో ఒక రాయి వెతుకుతాడు. రాయి దొరుకుతుంది. అక్కడితో ఆపేసింది. రెండు వారాలైంది, పేజీ తిప్పలేదు. ఈ వయసులో చావు గురించి ఇంతగా ఆలోచించడం మంచిదేనా? వేరే పుస్తకం ఏదైనా ఇచ్చి మరిపించమంటారా? (ఒక అమ్మ)

జవాబు: అమ్మా, మరిపించకండి. ముందు నోట్‌బుక్ సంగతి మాట్లాడుకుని, ఆ తర్వాత మీ భయం దగ్గరికి వద్దాం.

ఆ పుస్తకం చదవని పాఠకుల కోసం రెండు ముక్కలు. చనిపోయినవాళ్ళ నీడల్ని పిలిచే రాయి ఒకటి హ్యారీ చేతికి వస్తుంది. చావుకి ఎదురు వెళ్తూ అడవి దగ్గర దాన్ని మూడుసార్లు తిప్పుతాడు. చనిపోయిన అమ్మ, నాన్న, వాళ్ళ స్నేహితులు సిరియస్, లూపిన్ వచ్చి అతని పక్కన నడుస్తారు. తర్వాత ఆ రాయి వేళ్ళ సందులోంచి జారి నేలమీద పడిపోతుంది. యుద్ధం ముగిశాక, చనిపోయిన బడి పెద్ద డంబుల్‌డోర్ మాట్లాడే చిత్రపటంతో హ్యారీ, దాన్ని నేను వెతకబోనని చెప్తాడు. రచయిత్రి ఆ రాయిని అక్కడే వదిలేసింది. 2007లో ఆ పుస్తకం వచ్చినప్పటి నుంచీ అది ఆకుల కింద అలాగే పడి ఉంది. మీ పాప వెళ్ళి సరిగ్గా అక్కడ వంగి తీసింది.

ఇక జార్జ్. అదే పుస్తకం మొదట్లో శాపం తగిలి అతని చెవి తెగిపోతుంది. ఏడుస్తున్న తల్లిని తేలికపరచడానికి, ఇకనైనా మా ఇద్దరినీ పోల్చుకోగలవులే అమ్మా అన్నట్టు మాట్లాడతాడు. పుస్తకం చివరికొచ్చేసరికి పోల్చుకోవడానికి రెండోవాడు లేడు. ఆఖరి అధ్యాయం 19 ఏళ్ళ తర్వాతి రైల్వే ప్లాట్‌ఫారం. హ్యారీ, జిన్నీ, రాన్, హెర్మయొనీ తమ పిల్లల్ని బడికి సాగనంపుతుంటారు. తల్లిదండ్రుల్ని యుద్ధంలో పోగొట్టుకున్న టెడ్డీ వారానికి నాలుగుసార్లయినా హ్యారీ ఇంటికి భోజనానికి వస్తున్నాడని కూడా మనకి తెలుస్తుంది. జార్జ్ ఎలా ఉన్నాడో మాత్రం అక్కడ ఒక్క మాట లేదు. పెద్దవాళ్ళం చాలామందిమి ఆ సంగతి పట్టించుకోకుండానే పుస్తకం మూసేశాం.

అద్దాల వాక్యం నేను నాలుగుసార్లు చదివాను. కవలకి అద్దం అంటే ఏమిటి? ఇన్నేళ్ళూ అందులో కనిపించిన ముఖం తనదీ, ఫ్రెడ్‌దీ కూడా. ఇప్పుడు ఒక చెవి లేని ముఖం కనిపిస్తుంది. ఇందులో ఉన్నది ఫ్రెడ్ కాదు, నువ్వే అని పొద్దున లేచిన దగ్గర్నుంచీ అద్దం చెప్తూ ఉంటుంది. పదకొండేళ్ళ పిల్ల ఇదంతా లెక్కవేసుకుని రాసిందని నేననను. చెయ్యి మాత్రం పడాల్సిన చోట పడింది. ఇంత మంచి మొదటి వాక్యం ఈ మధ్య కాలంలో నేను చదవలేదు, ఆ మాట నేనన్నానని పాపకి చెప్పండి.

తను ఎందుకు ఆగిపోయిందో కూడా నాకు తెలిసినట్టే ఉంది. ఆ రాయి గురించి పుస్తకంలోనే ఒక పాత కథ ఉంది, ముగ్గురు అన్నదమ్ముల కథ. రెండోవాడు ఈ రాయితో తను ప్రేమించిన అమ్మాయిని పిలుస్తాడు. ఆమె వస్తుంది, కానీ ఏదో తెర అవతల నిలబడ్డట్టు, చల్లగా, దిగులుగా ఉంటుంది. ఇక్కడ ఇమడలేదు. ఆఖరికి అతనే ప్రాణం వదిలేస్తాడు. మీ పాపకి ఈ కథ బాగా తెలుసు. రాయి తిప్పితే ఫ్రెడ్ వస్తాడు. వచ్చినవాణ్ణి మళ్ళీ పంపడం ఎలా? తిప్పకపోతే, అంత దూరం వెతుక్కుంటూ వచ్చి ఎందుకు తిప్పలేదు? ఇదీ ముడి. చెయ్యి తిరిగిన రచయితకైనా రెండు వారాల్లో విడేది కాదు.

మీ భయానికి వస్తాను. ఆ నోట్‌బుక్‌లో చనిపోయేవాళ్ళు ఎవరూ లేరు, గమనించారా? మిగిలిపోయినవాడు ఒకడున్నాడు. పాప చూపు అతని మీద ఉంది. ఒక మనిషి దుఃఖం ఎవరూ అడగకుండా వదిలేశారని పిల్లకి తోచి, తనే వెళ్ళి పక్కన కూర్చుంది. అందులో భయపడాల్సింది నాకేమీ కనిపించలేదు. మీ ఇంట్లోనే ఈ మధ్య ఎవరైనా దూరమై ఉంటే ఆ రాత వాళ్ళ కోసం కూడా అయ్యుండొచ్చు. అప్పుడు జార్జ్ గురించి మాట్లాడుతూనే ఆ మనిషి పేరు మీరే ముందు ఎత్తండి. పిల్లలు పెద్దవాళ్ళు ఎత్తేదాకా ఆగుతారు.

దొంగచాటుగా చదివానని ముందు ఒప్పుకోండి. క్షమాపణ అడగండి. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వెయ్యండి: ఫ్రెడ్ వస్తే మొదట ఏమంటాడు? కథ ఎలా ముగుస్తుంది అని అడిగితే పిల్ల బిగుసుకుపోతుంది. ఫ్రెడ్ ఏమంటాడో మాత్రం చెప్పగలదు, ఏడు పుస్తకాల నిండా అతని మాటలు విన్నది కదా. అతను చెవి మీద ఏదో అంటాడనుకుంటాను నేను. అది తన ఇష్టం.

ఫ్రెడ్‌ని బతికించేస్తే పోలా అని మాత్రం సలహా ఇవ్వకండి. ఆ కథ ఒక వెల చెల్లించి ముగిసింది. చెల్లించినదంతా వెనక్కి తెచ్చేసుకుంటే, ఏడు పుస్తకాల పొడుగునా మనం పడ్డ వేదన వట్టిదైపోతుంది. పాపకి ఆ సంగతి తెలుసు. తెలుసు కాబట్టే ఫ్రెడ్ చేత తలుపు కొట్టించకుండా జార్జ్‌ని అడవికి పంపింది.

ప్రశ్న: అమ్మమ్మా, నార్నియా కథల్లో సూసన్‌కి అలా ఎందుకు జరిగింది? అన్నా, తమ్ముడూ, చెల్లీ అందరూ ఆ సింహం, అస్లాన్ దేశానికి వెళ్ళిపోయారు. తను ఒక్కతే ఉండిపోయింది. లిప్‌స్టిక్ వేసుకుందని వదిలేస్తారా? నాకు చాలా కోపంగా ఉంది. (తొమ్మిదో తరగతి పాఠకురాలు)

జవాబు: బంగారూ, నీ కోపం న్యాయమైనదే. నీకంటే ముందు చాలామందికి వచ్చింది.

1956లో వచ్చిన ఆఖరి పుస్తకంలో, సూసన్ ఇప్పుడు నార్నియా అనే ఆ మాయాలోకానికి స్నేహితురాలు కాదని అన్న పీటర్ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. తనకి మేజోళ్ళూ, లిప్‌స్టిక్కులూ, విందు పిలుపులూ తప్ప ఏవీ పట్టవని ఇంకొకరంటారు. తర్వాతి మాట మర్చిపోకు: మిగతావాళ్ళంతా అక్కడికి చేరింది రైలు ప్రమాదంలో చనిపోవడం వల్ల. అమ్మానాన్నా కూడా ఆ రైల్లోనే ఉన్నారు. అంటే కథ ఆనందంగా ముగిసిన రోజునే, ఇక్కడ ఒక ఆడపిల్ల ఒకేసారి ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుంది. పుస్తకం ఆమె వైపు తిరిగి చూడలేదు.

రచయిత సి. ఎస్. లూయిస్‌ని ఒక పిల్లవాడు సరిగ్గా ఇదే అడిగాడు. లూయిస్ జవాబు రాశాడు: సూసన్ ఈ లోకంలో బతికే ఉంది, మారడానికి ఆమెకి బోలెడు సమయం ఉంది, బహుశా తన దారిన తను అస్లాన్ దేశం చేరుతుందేమో అని. నార్నియాలో ఖాళీలు వదిలాను, వాటిని మీరే కథలతో పూరించుకోవచ్చు కదా అని కూడా పిల్లలకి రాసిన ఉత్తరాల్లో అన్నాడు. కాబట్టి నీకు అనుమతి ఉంది, రచయిత చేతిరాతతో సహా.

నేనైతే కొమ్ము దగ్గర మొదలుపెడతాను. మొదట్లో సూసన్‌కి కానుకగా వచ్చిన దంతపు కొమ్ము గుర్తుందా? ఎక్కడ ఊదినా సాయం వస్తుంది. తర్వాతి కథలో రాకుమారుడు కాస్పియన్ దాన్ని ఊదితే, సాయంగా వచ్చింది సూసన్ వాళ్ళే. రైల్వే స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నవాళ్ళని ఏదో లాగేసింది. ఇప్పుడు ఖాళీ ఇల్లు. పక్క గదిలో చెల్లి లూసీ చెప్పులు అలాగే ఉన్నాయి. సూసన్ దగ్గర కొమ్ము లేదు, అది ఆ లోకంలోనే ఉండిపోయింది. మరి ఈసారి సాయం కావాల్సింది తనకే అయినప్పుడు ఊదేదెవరు? ఏమో, తను అద్దం ముందు లిప్‌స్టిక్ చేతిలో పట్టుకుని ఉండగానే ఆ శబ్దం వినిపించొచ్చు. లిప్‌స్టిక్ తుడవమని మాత్రం ఆమెకి చెప్పకు. దానికీ ఆ కొమ్ముకీ తగువు పెట్టింది పుస్తకం, నువ్వు పెట్టక్కర్లేదు. రాశాక నాకు పంపు.

ప్రశ్న: చిన్నప్పుడు ప్రాణంగా చదువుకున్న సిరీస్‌ని, ముగిసిపోయిందని చెప్పిన రచయితలే మళ్ళీ తెరుస్తున్నారు. చదివితే మనసు విరిగిపోతోంది. చదవకపోతే ఆగలేకపోతున్నాను. మొదటి ముగింపే నిజమైనదనుకుని ఊరుకోవాలా? (ఒక ఉద్యోగి)

జవాబు: బాబూ, ఇది కొత్తగా వచ్చిన బాధ కాదు. ఓజ్ కథలు రాసిన ఎల్. ఫ్రాంక్ బామ్ 1910లో ఆరో పుస్తకంతో తలుపు వేసేశాడు, అదీ మామూలుగా కాదు. ఓజ్ దేశం మొత్తాన్ని ఎవరికీ కనబడకుండా చేసేశాడు. ఇకమీదట మా కబుర్లు మీకు అందవు, కానీ మిమ్మల్ని ప్రేమిస్తూనే ఉంటామని ఆ కథల్లోని అమ్మాయి డొరొతీ కొంగ ఈక మీద రాసి పంపుతుంది. పిల్లలు ఒప్పుకోలేదు. వేరే కథలు రాశాడు, అవి అంతగా అమ్ముడుపోలేదు. 1911లో దివాలా తీశాడు. 1913లో ఓజ్‌కి తిరిగొచ్చాడు. ఎలా అంటే, వైర్‌లెస్ టెలిగ్రాఫ్ ద్వారా డొరొతీ కబుర్లు తెలుసుకోవచ్చు కదా అని పిల్లల్లో ఒకరు అడిగారట, ఆ మాట పుస్తకం ముందుమాటలోనే ఉంది. దేశం కనబడదు, నిజమే. తీగ లేని వార్త రాకూడదని ఎవరన్నారు? ఆ చిన్న చిల్లులోంచి ఇంకో ఎనిమిది నవలలు వచ్చాయి. 1919లో బామ్ పోయాక రూత్ ప్లమ్లీ థాంప్సన్ అందుకుని మరో పందొమ్మిది రాసింది. రచయిత వేసిన తాళం పిల్లల్లో ఒకరు తీశారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మీ బాధ వేరు, అది కూడా నాకు తెలుసు. హ్యారీ పాటర్‌కి కొనసాగింపుగా 2016లో వచ్చిన నాటకంలో హ్యారీ కొడుకు ఆల్బస్, కాలంలో వెనక్కి వెళ్ళి ఎప్పుడో చనిపోయిన సెడ్రిక్ అనే కుర్రాణ్ణి కాపాడబోతాడు. దానివల్ల లోకమే తలకిందులవుతుంది. చెల్లించినదాన్ని వెనక్కి అడగకూడదన్న మాట దానిలోనూ ఉంది. అయినా నాటకం ఎక్కువసేపు పాత సంఘటనల చుట్టూనే తిరుగుతుంది. మనకి తెలిసిన గదుల్లోకే మళ్ళీ తీసుకెళ్తుంది. నాకు తృప్తి కలగలేదు.

ముగిసిన కథని తెరిస్తే ఇలా తెరవాలి అని నేను నమ్మేది ఒక్కటే ఉంది, ఉర్సులా లె గ్విన్ ‘తెహాను’. ఆమె రాసిన ఎర్త్‌సీ కథలు 1968లో మొదలై 1972లో మూడో పుస్తకంతో ముగిశాయి. అందులో మహా మాంత్రికుడు గెడ్, బతుకుకీ చావుకీ మధ్య తెరుచుకున్న తలుపు మూయడానికి తన శక్తినంతా ధారపోసేస్తాడు. తర్వాత ఏమయ్యాడు? పాటలో ఒకలా చెప్తారు, అతని సొంత ద్వీపం వాళ్ళు ఇంకోలా చెప్తారు అని రెండు ముగింపులు ఇచ్చి ఊరుకుంది. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1990లో, నాలుగో పుస్తకం. డ్రాగన్ వీపు మీద కొన ఊపిరితో ఉన్న మనిషి దిగాడు. అతని శక్తి తిరిగి రాలేదు. చివరిదాకా రాలేదు. పనిలేనివాడై, నలుగురి ముందుకి రావడానికి సిగ్గుపడి, కొండమీద మేకలు కాయడానికి వెళ్ళిపోతాడు. ఒకప్పుడు చీకటి సమాధుల మధ్య పూజారిణిగా ఉన్న టెనార్ ఇప్పుడు నడివయసు రైతు భార్య, భర్త పోయిన మనిషి. నిప్పుల్లో కాలిన ఒక చిన్న పిల్లని సాకుతోంది. యుద్ధాలు లేవు. గిన్నెలు కడగడం ఉంది, మేకలున్నాయి, పొద్దుపోయాక తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకునే భయం ఉంది.

నేను మొదటిసారి చదివినప్పుడు కోపమొచ్చింది. నా గెడ్ మేకలు కాయడమేమిటి అనుకున్నాను. పదేళ్ళ తర్వాత మళ్ళీ చదివాను. అప్పటికి మా నాన్న ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నారు. జీవితమంతా పదిమంది చేత నమస్కారాలు అందుకున్న మనిషి, పొద్దున్నే తయారై, ఎక్కడికి వెళ్ళాలో తెలియక వరండాలో నిలబడడం రోజూ చూశాను. గెడ్ కొండెక్కిన పేజీ అప్పుడు అర్థమైంది. కాబట్టి మీరు అడిగినదానికి నా మాట: చదవండి, నచ్చకపోతే పక్కన పెట్టండి, పారెయ్యకండి. కొన్నిటికి మన వయసు చాలదు. వయసుతో పని లేకుండా బాగాలేనివీ ఉంటాయి. వాటిని మీ లెక్కలోంచి తీసేసే హక్కు మీకుంది.

ప్రశ్న: మేడమ్, నేను ఆరో తరగతికి పాఠాలు చెప్తాను. ‘కథ అయ్యాక ఏం జరిగిందో రాయండి’ అంటే పిల్లలందరూ ‘రాక్షసుడు మళ్ళీ లేచాడు’ అనే రాస్తున్నారు. ఏం చెయ్యాలి? (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: టోల్కీన్ కూడా అదే రాయబోయాడండీ. ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ అయ్యాక, చీకటి ప్రభువు కూలిన నూరేళ్ళకి ఏమైందో మొదలుపెట్టాడు. పిల్లలు ఆర్క్‌ల (ఆ ప్రభువు రాక్షస సైనికుల) వేషాలు వేసుకుని ఆడుకుంటున్నారు, ఎక్కడో రహస్య కుట్ర. కొన్ని పేజీలు రాసి, ఇది వట్టి దిగులు కథ అవుతుందని ఆపేశాడు.

ఆయనే రాసి పక్కనపెట్టిన ఇంకో ముగింపు ఉంది. ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చిన సామ్ ఇంట్లో కూర్చుని ఉంటాడు, పిల్లలు ప్రశ్నలు వేస్తుంటారు. మాంత్రికుడు గాండాల్ఫ్ గుర్రం ఏమైంది, నాన్న సహచరులు లెగొలాస్, గిమ్లీ ఇప్పుడేం చేస్తున్నారు అని. చదివినవాళ్ళంతా వద్దన్నారని ప్రచురించలేదు, 1992లో బయటికొచ్చింది. మీ తరగతికి కావాల్సింది ఇదే. ‘ఏం జరిగింది’ అని అడగకండి. ‘కోట తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గరుంది? రాక్షసుడి వంటవాడికి పని ఎవరిచ్చారు? యుద్ధంలో విరిగిన వంతెన ఎవరు కట్టారు?’ అని ఒక్కొక్కరికి ఒక్కో చీటీ ఇవ్వండి. అరపేజీ చాలు.

ప్రశ్న: ముగింపు నచ్చకపోతే మార్చి రాసుకోవచ్చా? తప్పు కాదా? (ఒక పాఠకుడు)

జవాబు: వాల్మీకి ఉత్తరకాండలో సీత భూమిలోకి వెళ్ళిపోయింది. భవభూతి ‘ఉత్తరరామచరితం’లో సీతారాములు కలుసుకున్నారు. వెయ్యేళ్ళు దాటినా రెండూ చదువుతున్నాం. మీ నోట్‌బుక్‌లో మీరు నిశ్చింతగా రాసుకోండి. వేరొకరి పాత్రలతో అచ్చువేసి అమ్మడం వేరే సంగతి, దానికి హక్కుదారుల్ని అడగాలి.

ప్రశ్న: అమ్మమ్మా, మీరు చిన్నప్పుడు ఎప్పుడైనా ఇలా రాశారా? (పదేళ్ళ పాఠకుడు)

జవాబు: రాశాను కన్నా. నెలనెలా వచ్చే సీరియల్ ఒకటి చదివేదాన్ని. ప్రతి భాగం చివర ‘ఇంకా ఉంది’ అని ఉండేది. ఒక నెల ఆ మాట లేదు. రాజకుమారుడు ఎగిరే గుర్రం మీద వచ్చి కోట ముందు దిగాడు, లోపలికెళ్ళాడు, అందరూ సంతోషించారు, అంతే. నేను పెన్సిల్ తీసుకుని ఆ పేజీ అడుగున ‘ఇంకా ఉంది’ అని నేనే రాశాను. అక్షరాలు అచ్చులో ఉన్నట్టే ఉండాలని చాలాసేపు దిద్దాను. తర్వాత లెక్కల నోట్‌బుక్ వెనకవైపు నుంచి కథ మొదలుపెట్టాను. మూడు పేజీలు రాశాననుకుంటా. ఆ పుస్తకం ఎక్కడ పోయిందో తెలీదు. మొదటి వాక్యం ఒక్కటే గుర్తుంది: ‘గుర్రం ఇంకా కోట బయటే నిలబడి ఉంది, దానికి దాహం వేస్తోంది.’